లక్ష్మి వెంట వచ్చిన నీళ్లు

పటాన్‌చెరు కిరాణా కొట్టు శకుంతల చేపలబండి ఎదురైతే కొంగుతో ముక్కు మూసుకుంటుంది. ఆ ఇంటికి ఆమె భర్త సోమేశ్వర్, లక్ష్మిలా కలిసొస్తుందని, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిలో తొట్టిలో పెంచే రంగుల కోయి చేపను తెచ్చాడు. దారి కుదుపులకు, మురిగిన నీళ్లకు అది పక్కకు ఒరిగిపోయింది. సంచి విప్పితే కంపుకు శకుంతల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఆ నీళ్లు గూడ తొట్లనే పొయ్యాలె. లక్ష్మి వెంట వచ్చినవి పారబోస్తరా?” అన్నాడతను. “మీ లక్ష్మి గా నీళ్లల్లనే సస్తున్నది, సూడుండ్రి,” అంటూ ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. జిగటగా జారుతున్న చేపను ఎత్తి, ఉప్పు కలిపిన తేట నీళ్ల తొట్టిలో, ముఖం తిప్పుకునే నిలబెట్టి పట్టుకుంది. చాలాసేపటికి అది తోక ఆడించింది. “ఇగ చేతులు కడుక్కో,” అన్నాడు సోమేశ్వర్. “ఆగుండ్రి, మళ్ల ఒరుగుతదేమో.” వేళ్ల సందుల్లో జిగురు చూసి ఓకరించింది గాని, చేతులు బయటికి తీయలేదు.