పోటు వేళల బోర్డు

మా అక్కను ఇచ్చిన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఊరికి ఎదురుగా బురదలో మడచెట్లు పెరిగిన చిన్న లంక. బావ పడవ అక్కడికి నడిచేది. పక్షులు గుడ్లు పెట్టే ఇసుకమెట్టను దూరంగా చుట్టి, లంక వెనకవైపు ఆగేది.

ఆ లంక రొయ్యల చెరువుల పాలు కాకుండా కాపాడటానికి నాంపల్లిలోని ఒక సంస్థ పూనుకుంది. పక్షులూ ఉండాలి, జనమూ వచ్చి చూడాలి అన్నారు. పడవ రాకపోకల లెక్కలు నాకు అప్పగించారు. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆబిడ్స్‌లో కాంట్రాక్టర్లకు ఎస్టిమేట్లు వేసి బతుకుతాను.

పడవ ఏ వేళకు వెళ్లాలని బావను అడిగాను. నీళ్లు పొంగినప్పుడే, పోటు మీదే వెళ్లాలన్నాడు. ఆ పోటు రోజుకు రెండు ఘడియలు, అంటే ముప్పావు గంట పైనే, ఆలస్యమవుతుందట. తిథుల వారీగా పట్టిక వేశాను. బావ రైలెక్కి వచ్చాడు, ఇద్దరం కలిసి సంస్థ ఆఫీసుకు వెళ్లాం.

మేనేజరు పట్టిక చూసి నవ్వాడు.

"తిథులు గితులు చూసుకుంట ఎవరొస్తరన్నా? జనానికి ఒక్క టైం చెప్పాలె. సగటు తియ్యున్రి."

రోజూ జరిగేదానికి సగటు తీస్తే అది ఏ రోజుకూ సరిపోదన్నాను. అట్లయితే జనం వద్దు, చుట్టూ కంచె వేద్దామన్నాడు.

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పోన్లేరా, రాయనీ. కంచె వేస్తే మేమూ బయటే కదా."

'ఉదయం పది గంటల నుంచి' అని ఆబిడ్స్‌లోనే బోర్డు రాయించారు. బావ దాన్ని గోనెపట్టాలో చుట్టి నాంపల్లి స్టేషన్‌కు మోసుకెళ్లాడు.

మొదట్లో కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పదింటికి నీళ్లు లేవు. టికెట్లు కొన్నవాళ్లు ఊరుకోలేదు. ఆగమని బావ అడ్డం వెళితే బోర్డు చూపించి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి దిగారు. కాలు దిగబడనిది ఇసుకమెట్ట ఒక్కటే. అందరూ దాని మీదుగానే నడిచారు. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి.

పిట్టలు రెండు రోజులు మెట్ట మీద అరుస్తూ తిరిగి వెళ్లిపోయాయని అక్క ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత ఏడాది కూడా రాలేదు.

సంస్థ లంకను అందరికీ మూసేసింది. బావ పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది.

కొత్త బోర్డు తీసుకెళ్లడానికీ బావనే పిలిపించారు. 'ప్రవేశం లేదు' అన్న రెండు మాటలే దాని మీద. బావ దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు.

"ఈసారి టైం రాయలేదేంట్రా?" అన్నాడు.

నేను గోనెపట్టా అందించాను.