ఆరు సంతకాల ఉత్తరం

విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో పదకొండేళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు కంకిపాడులో మా ఇంటి ముందుగదిలోనే ట్యూషన్ చెబుతున్నాను. వెనక్కి వెళ్లడానికి ఇంగ్లీషులో వాడే క్రియల పాఠం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలకు ఆ సంగతి తెలియదు.

పాఠం మాత్రం బాగానే చెబుతాను. లంకల్లోంచి వరద నీరు తీస్తే రిసీడ్. సైన్యం వెనుదిరిగితే రిట్రీట్. వేసిన నామినేషన్ వెనక్కి తీసుకుంటే విత్‌డ్రా, బ్యాంకులో డబ్బు తీసినా అదే మాట. సంబంధం ఖాయం చేసుకుని ముహూర్తం ముందు కుదరదంటే బ్యాక్ అవుట్. పైవాడు కళ్లెర్రజేయగానే పట్టుబట్టిన మాట వదిలేస్తే బ్యాక్ డౌన్. మనకూ ఏం తక్కువ లేవు, జారుకోవడం, తప్పుకోవడం, ముఖం చాటేయడం. అన్నిటికీ వెనక్కి తగ్గడం అనేస్తే పోతుంది కదా అని మొన్నొక పిల్ల అడిగింది. పోదన్నాను. నీళ్లు వెళ్లిపోతే ఎవరికీ కోపం రాదు, మాటిచ్చిన మనిషి వెళ్లిపోతే వస్తుంది.

మా కాలేజీలో వేసవి సెలవులంటే లెక్చరర్లకు సెలవులు కావు. ఒక్కొక్కరికి కొన్ని ఊళ్లు, ఒక సంచీడు కరపత్రాలు ఇచ్చేవారు. టెన్త్ రాసిన పిల్లల ఇళ్లకు వెళ్లి, మా కాలేజీలో చేర్పించండని తల్లిదండ్రుల్ని అడగాలి. నాకూ కెమిస్ట్రీ మేడమ్‌కూ పామర్రు వైపు ఊళ్లు పడేవి. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లు క్యాథలిక్కులు. ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సు కాలంలో ఏటా మూడు రోజులు రిట్రీట్‌కి వెళ్లేది. అది పారిపోవడం కాదనీ, దేవుడి దగ్గర కాసేపు నోరు మూసుకుని కూర్చోవడమనీ ఆవిడే నాకు చెప్పింది. ఇప్పటికీ ఆ మాటకు ఆ అర్థం ఆవిడ చెప్పినట్టే చెబుతాను, ఏం చేయను.

ఒక ఏడాది ఎండలో తిరిగి తిరిగి ఎవరింటి అరుగు మీదో పడిపోయాను. అక్క నా తల ఒళ్లో పెట్టుకుని, తడిపిన పమిటతో ముఖం తుడిచింది. ఇక చాలు, వచ్చే ఏడాది మనం వెళ్లడం లేదంది. అప్పట్నుంచి ఆవిడంటే నాకు తోడబుట్టినదన్నంత నమ్మకం.

మరుసటి ఏడాది ఆరుగురం కలిసి ప్రిన్సిపాల్‌కి ఉత్తరం ఇద్దామనుకున్నాం. ఆయనదీ కృష్ణా జిల్లానే, తెలుగులో రాస్తే సరిపోయేది. కానీ ఇంగ్లీషులో ఉంటేనే బరువుంటుందని మా స్టాఫ్ రూమ్ నమ్మకం. దాంతో పని నా మీద పడింది. దస్తూరీ నాది, మొదటి సంతకం నాది. వేసవిలో ఊళ్లు తిరిగే పని నుంచి మమ్మల్ని మినహాయించమని కోరుతున్నాం అని రాశాను. అక్క కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. బతిమాలుతున్నట్టుంది, వెళ్లబోమని గట్టిగా రాయి అంది. ఆ వాక్యం కొట్టేసి, నిరాకరిస్తున్నాం అని రాశాను.

మూడో రోజు పిలుపొచ్చింది. అప్పటికే నలుగురు విడివిడిగా వెళ్లి సంతకాలు వెనక్కి తీసుకున్నారు. వాళ్ల మీద పెద్ద ఆశలు లేవు కాబట్టి కోపమూ రాలేదు. మిగిలింది అక్కా నేనూ. ప్రిన్సిపాల్ సరిగ్గా ఆ కొట్టేసి రాసిన వాక్యం మీద వేలు పెట్టి, ఈ మాట ఎవరిదని అడిగాడు. నేను అక్క వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఇంగ్లీషులో ఉంది కదండీ. మేడమ్ ఏం రాశారో నేను సరిగా చూడలేదు. సంతకం పెట్టమంటే పెట్టాను."

పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లీషు మీడియంలో కెమిస్ట్రీ చెబుతున్న మనిషి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా తలూపాడు, ఆయనకు కావలసింది అదే. ఆ మాట మీదే కదక్కా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. సిగ్గుపడాల్సింది ఆవిడ, తల దించుకున్నది నేను. ఆ వారంలోనే నా ఉద్యోగం పోయింది.

ఉద్యోగం పోయిన రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. క్షమించమంటుందేమో అనుకున్నాను.

"నువ్వంటే ఒంటరిదానివి, ఎక్కడైనా బతుకుతావు. నాకలా కుదరదు కదమ్మా."

సరే అక్కా అన్నాను. ఆ సరే అన్నందుకు నా మీద నాకు ఇవాళ్టికీ కోపమే. నాకెవరూ లేరనే లెక్క ఆవిడ ఆ గదిలోకి రాకముందే వేసుకుందన్నమాట. ఒళ్లో తల పెట్టుకున్న మనిషి.

మొన్న మే నెలలో మా వీధికొచ్చింది. గొడుగు, భుజాన కరపత్రాల సంచి. బాగా చిక్కింది. మా ఇంట్లో ఎన్నిసార్లో భోంచేసింది కాబట్టి ఇల్లు తెలియదనడానికి లేదు. ఎదురింటి కుర్రాడు టెన్త్ రాశాడు. వాళ్ల గుమ్మంలో నిలబడి, కాలేజీ స్థాయి తెలియడానికి కాబోలు, వాడితో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. లోపల్నుంచి వాళ్లమ్మ వచ్చి నోరు తెరుచుకుని వింటోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. అక్క ఒకసారి ఇటు తిరిగింది, నన్ను చూసింది, మళ్లీ అటు తిరిగి అదే గొంతుతో కొనసాగించింది. టీచర్ని కదా, అలవాటు కొద్దీ తప్పుల కోసం విన్నాను. ఒక్కటీ దొరకలేదు.