బోర్డులో పట్టని పంక్తి

మా ఆయన బోర్డులు రాస్తాడు. అందరూ ఆయన్ని 'పెద్దక్షరాలు' అనే పిలుస్తారు. మొదటి పంక్తి ఏనుగంత రాసి, చివరికొచ్చేసరికి చోటు లేక తల గోక్కోవడం ఆయన అలవాటు. కాస్త కొలుచుకుని రాయమని పోరీ పోరీ నా నోరు నొప్పి పుట్టింది.

మూడేళ్ల కిందట పోలీస్ స్టేషన్లో రాసిన 'అరెస్టయినవారి హక్కులు' బోర్డు కూడా అలాగే ఏడ్చింది. అరెస్టుకు కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చెయ్యాలి, లాయరును కలవనివ్వాలి. అంతే, చోటు అయిపోయింది. నాలుగో పంక్తి ఎలాగోలా రేపు ఇరికిస్తానన్నాడు. ఆ రేపు రానే లేదు. ఇన్‌స్పెక్టర్ ఎక్కడ కనబడినా "ఆ బోర్డు పూర్తి చేసేదెప్పుడయ్యా?" అని దెప్పేవాడు.

కిందటి మంగళవారం పొద్దున పదింటికి మా మరిదిని పట్టుకెళ్లారు. వాడు కరెంటు పనివాడు. పనిచేస్తున్న మేడలో రాగి తీగ చుట్టలు పోయాయట, వీడి మీద అనుమానమట. అరెస్టు కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుని, ఒక ప్రతి నాకిచ్చారు. నా చేతి అన్నం తిని పెరిగినవాడు! ఆ రోజంతా నాకు ముద్ద దిగలేదు.

బుధవారం ఎనిమిదిన్నరకు మేమిద్దరం స్టేషన్‌కు వెళ్లాం.

"విచారణ తేలలేదు. శుక్రవారం దాకా ఇక్కడే ఉంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నాకు ఒళ్లు మండింది. "పదింటికి ఇరవై నాలుగు గంటలు నిండుతాయి సార్. ఆలోగా మేజిస్ట్రేటు ముందు పెట్టాలి."

"ఎవరు చెప్పారమ్మా? ఆ బోర్డు మీద ఉందా?" అని నవ్వాడు.

లేదు. బోర్డు రాయమని స్టేషన్ వాళ్లు అప్పుడిచ్చిన కాగితంలో ఉంది. అది మూడేళ్లుగా మా వంటింటి మేకుకు వేలాడుతోంది. నాకు కంఠతా వచ్చు.

మా ఆయన ముఖం మాడిపోయింది. ఇంటికి పరిగెత్తి, నల్ల రంగు డబ్బా, కుంచె, ముక్కాలిపీట తెచ్చాడు.

"ఏంటయ్యా ఇది?"

"మీరేగా సార్ పూర్తి చెయ్యమంటున్నారు?"

అడుగున మిగిలిన కాస్త జాగాలో చీమల్లాంటి అక్షరాలు మొదలుపెట్టాడు. బెంచీల మీదున్నవాళ్లు చుట్టూ మూగారు. "కళ్లు ఆనడం లేదు, పైకి చదువు నాయనా," అంది ఒక ముసలమ్మ.

"అరెస్టు చేసిన ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి!"

అందరూ గోడ గడియారం వైపు, తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు చూశారు. తొమ్మిదీ పది. నేను అరెస్టు కాగితం ప్రతిని బల్ల మీద పెట్టి, అందులో రాసివున్న పదింటి మీద వేలు ఆనించాను.

"సరే సరే. జీపు తియ్యండి," అన్నాడాయన.

కోర్టులో ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇచ్చిన లాయరమ్మ మావాడి పక్కన నిలబడింది. ఆధారాలేవని మేజిస్ట్రేటు అడిగితే పోలీసులు అనుమానం తప్ప ఏమీ చూపలేకపోయారు. మధ్యాహ్నానికి బెయిలొచ్చింది. మా ఆయన తమ్ముణ్ణి పట్టుకుని, "నా పెద్దక్షరాలు నీ కొంప ముంచేవిరా," అని భోరుమన్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. నడవనీ. వాడు మా ఇంట్లో అన్నం తింటూ పనికెళుతున్నాడు.

నిన్న మా ఆయన ఒక బడికి బోర్డు రాయడానికి కూర్చున్నాడు. చూస్తే, చివరి పంక్తి ముందు రాస్తున్నాడు.