నెమలి మెడ దగ్గర ఆగిన తెర

నెమ్మదిగా నడిచే యంత్రం మన దగ్గర కాలాన్ని తప్ప మరేదీ తీసుకోదని ఒక అభిప్రాయం ఉంది. ఓపిక ఉన్నవాడికి నష్టం లేదని దాని తాత్పర్యం. గద్వాలలో కురుమూర్తి అనే నేతగాడు రెండు వేల ఎనిమిదిలో దాన్ని నమ్మాడు. ఓపికకు అతనిలో లోటు లేదు.

మగ్గం నేస్తూనే అతడు చీర అంచుల నమూనాలను కంప్యూటర్‌లో గీసేవాడు. సొంత కంప్యూటర్ లేక, బస్టాండ్ దగ్గర వెంకటన్న నడిపే నెట్ సెంటర్‌లో కూర్చునేవాడు. అక్కడి వైరస్‌లు ఒకసారి అతని నమూనాలన్నింటినీ తినేశాయి. అప్పటి నుంచి పెన్ డ్రైవ్‌లోనే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, ఏ కంప్యూటర్‌కైనా దాన్ని తగిలించి, అందులోంచే పని మొత్తం నడుపుకునేవాడు. యంత్రం వెంకటన్నది, లోపల నడిచే వ్యవస్థ తనది.

ఆ పెన్ డ్రైవ్‌ను ఎంచుకున్న తీరు మాత్రం అచ్చంగా నేతగాడిది. దుకాణంలో వేగమైన చిన్నదొకటి, మందకొడి పెద్దదొకటి చూపించారు. పడుగు పొడవుగా ఉంటే మాటిమాటికీ కొత్త పోగులు అతికే బాధ తప్పుతుందని పుట్టినప్పటి నుంచి విన్నవాడు, పెద్దదే తీసుకున్నాడు. మగ్గం నేర్పిన మరో అలవాటూ వెంట తెచ్చుకున్నాడు. పేక పోగు వేయగానే దువ్వెనలాంటి పన్నెతో కొట్టి బిగించాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, నమూనాలో ఒక్కో వరుస పూర్తికాగానే అది పెన్ డ్రైవ్‌లో భద్రమయ్యేలా అమర్చాడు. మగ్గం మీద ఈ రెండూ సద్గుణాలే.

అతని పెద్దమ్మ సత్యమ్మకు ఒక అంచు తెలుసు: వెనక్కి తిరిగి చూసే నెమలి. దాన్ని నేసినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆ అంచున్న చీర ఒక్కటీ మిగల్లేదు. ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందనే ఉండాలో ఆమెకు పాటగానే గుర్తు. మధ్యలో తెగితే మొదటి నుంచి ఎత్తుకోవలసిందే. పెన్సిల్ ఆ పాటను అందుకోలేకపోయింది. అతని ఫోన్‌లో మాటను దాచే వీలు లేదు. కంప్యూటర్ మీటల మీద వేళ్లయితే అందుకోగలవని, ఆమెను నెట్ సెంటర్‌కు తీసుకువచ్చాడు.

"మీద మీద కింద, మీద కింద కింద..." కళ్లు మూసుకుని ఆమె పాడింది. కాళ్లు, ఒళ్లు, రెక్క తెర మీదికి వచ్చాయి. మెడ మొదలయ్యే చోట తెర బిగుసుకుపోయింది. పెన్ డ్రైవ్ దీపం మాత్రం మినుకుమంటూనే ఉంది.

"జర ఆగు పెద్దమ్మా!"

"ఆగితే పోతది రా. పాలిచ్చేటప్పుడు బర్రెను ఆగమంటవా?"

వెంకటన్న పకపక నవ్వాడు. "ఏందన్నా, నీ నెమలి గుడ్డు పెడ్తుందా? గంతసేపు కూసుంది!"

"నీ సెంటర్ల నాలుగు గింజలేస్తే గద బిడ్డా, గుడ్డు పెట్టేది!" అంది సత్యమ్మ.

మళ్లీ మొదటి నుంచి పాడింది. పాటలో మెడ ఎక్కడ మొదలవుతుందో తప్పిపోకుండా అతడూ మొదటి నుంచే మీటలు కొట్టుకుంటూ వచ్చాడు. మళ్లీ మెడ దగ్గరే ఆగింది. ఎత్తుకున్న ప్రతిసారీ ఆమె గొంతు సన్నబడింది. చివరకు నీళ్ల కోసం చేయి చాచి, "దూపైతుంది బిడ్డా, ఇంకోనాడు జూద్దాం" అంది. కురుమూర్తి తొందరపెట్టలేదు.

కారణం కనుక్కుందామని నాగర్‌కర్నూల్‌లో కంప్యూటర్లు బాగుచేసే శివశంకర్ దగ్గరికి వెళ్లాడు. అతడు పెన్ డ్రైవ్‌ను పరీక్షించి చెప్పాడు.

"చదవనీకె బాగనే ఉరుకుతదన్నా. రాయనీకే కుంటుతది. చిన్న చిన్న రాతలైతే దానికి సావే. నువ్వేమో వరుసకొకపారి రాయిస్తున్నవ్. రాత లోపల కుప్పవడ్డదంటే, అది దిగేదాక అంతా ఆగుతది."

"పెద్దదని తీసుకుంటి."

"చెరువు పెద్దగుంటే ఏం ఫాయిద, తూము సన్నగున్నంక?"

వేగమైనది కొని, వ్యవస్థనంతా అందులోకి మార్పించుకుని అతడు గద్వాలకు తిరిగివచ్చేసరికి సత్యమ్మ దవాఖానలో ఉంది. పక్షవాతం. మాట పోయింది.

ఇంటికి తెచ్చాక ఆమే అతని చేయి పట్టి బయటికి లాగింది. ఆటోలో నెట్ సెంటర్‌కు తీసుకువెళ్లాడు. పనిచేసే చేత్తో ఆమె బల్ల మీద దరువు వేసింది. దరువులో లయ ఉంది. ఏది మీదో, ఏది కిందో లేదు. "మీదనా పెద్దమ్మా, కిందనా?" అని అడిగితే లయ తెగింది. మళ్లీ మొదటి నుంచి వేసింది. మీట నొక్కితే చాలు, తెర మీది గడి ఆ క్షణంలోనే నిండుతుంది. ఇప్పుడు తెర ఆగలేదు, ఎదురుచూసింది. కాసేపటికి ఆమె చేయి బల్ల మీదనే వాలిపోయింది.

నష్టం కాలమే అనుకున్నవాడు ఆ కాలం ఎవరిదని అడగలేదు. కురుమూర్తి ఓపికగా ఖర్చుపెట్టిన ఘడియలు సత్యమ్మవి.

వానలు మొదలుకాకముందే ఆమె చనిపోయింది.

"వేరే నెమలి మెడ తెచ్చి అతికియ్యన్నా. ఎవలికెరుక?" అన్నాడు వెంకటన్న.

"ఆమెకెరుకుండె" అన్నాడు కురుమూర్తి.

ఆ అంచుతో అతడు ఒక చీర నేశాడు. మెడ నుంచి పైన ఉండవలసిన వరుసల్లో ఏ నమూనా వేయలేదు. సాదాగా వదిలేశాడు.