తుపాకీకి అల్లిన వల

కూర్చో ముందు. అలా గోడకి జారగిలబడి కాదు నాన్నా, సరిగ్గా కూర్చుని విను. తెలుగు రాయడం కష్టమైతే నీకొచ్చినట్టు రాసుకో, తప్పులు నాకు కనబడవులే. నేను చెప్పింది మాత్రం మార్చకు. మధ్యలో నా గొప్పలు కొన్ని వస్తాయి, అవీ తీసెయ్యకు.

మీ తాత మన దీవుల్లో ఉత్తరాన డిగ్లీపూర్ వైపు పొలం చేసిన రోజుల మాట ఇది. మనది చేపలు పట్టే ఇల్లు కదా. ఒకసారి పడవ తిరగబడితే ఆయన చెక్కముక్క పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. అప్పటినుంచి నాకు సముద్రమంటే దడ. అడవి కొట్టిన నేల కాస్త దొరికితే, వరి వేద్దామని నేనే పోరాను. ఆయన ఒప్పుకున్నాడు గానీ ఒక మాటన్నాడు.

"ఈ పంట సేతికి రాకపోతే మల్లీ పడవెక్కిపోతానే. అప్పుడు నువ్వెంత ఏడిసినా ఇనను."

ఇంక చేలో ఒక్క వెన్ను విరిగినా నాకు పడవే కళ్ళముందు ఆడేది.

గింజ పాలుపోసుకునే వేళకి జింకలు దిగాయి, మందలు మందలుగా. పంట కాపలాకని లైసెన్సు ఇస్తే, మీ తాత ఒక పాత తుపాకీ తెచ్చాడు. ఒక్క గొట్టంది. ఒకసారి పేల్చాక మధ్యకి విరిచి, ఖాళీ తూటా లాగేసి, ఇంకోటి పెట్టాలి. ఆ ఇంకోటి ఎక్కడుండేది? లుంగీ మడతలో. పరిగెడితే బురదలో. అప్పటి తూటాలు అట్టతో చేసినవి, అడుగున ఇత్తడి టోపీ ఉండేది. నీళ్ళు తగిలితే ఉబ్బిపోయి పనికిరాకుండా పోయేవి.

"దానికేటుంది, నేనల్లీస్తాను" అన్నాను. నోరు ఊరుకోదు కదా! మా పుట్టింటి వైపు వల అల్లడంలో నన్ను మించినవాళ్ళు లేరు. అలా అని ఎవరన్నారనుకున్నావు? నేనే.

తుపాకీ వెనక భుజానికి ఆనించే కర్ర ఉంటుంది చూడు, దాని చుట్టూ నూలుదారం బిగించి, పక్కన వరసగా వల కళ్ళు అల్లాను. ఒక్కో కంట్లో ఒక్కో తూటా, ఇత్తడి టోపీ పైకి, వేళ్ళకి అందేలాగ. తలకిందులుగా పట్టుకుని ఊపాను. ఒక్కటీ రాలలేదు. పక్క చేను బెంగాలీ దీదీని పిలిచి మరీ చూపించాను. నేనామెని, ఆమె నన్ను దీదీ అనే, అంటే అక్కా అనే పిలుచుకునేవాళ్ళం.

"అరే దీదీ, బందూక్‌కి స్వెటర్ అల్లావా? చలేస్తోందా దానికి?" అంది. నేను దాన్ని మెచ్చుకోలు కింద రాసుకున్నాను.

మీ తాత తుపాకీ ఎత్తి గురి చూసి వెంటనే దించేశాడు. చెంప నిండా ముడుల అచ్చులు. ఆయన చెంప ఆనించే పక్కనే అల్లాను మరి!

"తూటాలెట్టమంటే నా మొకానికి వలేసినావేటే?" అన్నాడు.

విప్పి, రెండో పక్కకి తిప్పి కట్టాను. ఇంక వంక పెట్టడానికి ఏమీ లేదనుకున్నాను.

ఆ సాయంత్రమే, సన్నగా తుంపర పడుతుంటే జింకలొచ్చాయి. ఆయన పేల్చాడు. తగల్లేదు. అవి గట్టుదాకా ఉరికి, ఆగి, మళ్ళీ చేలోకి తిరిగాయి. ఆయన కర్ర పక్కనున్న తూటా లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. నేను వేసింది వల ముడి కదా, తడిసిందంటే లాగేకొద్దీ బిగుస్తుంది. లోపలికి పోయిన చేప బయటికి రాకూడదని మా అమ్మ నేర్పిన ముడి అది. లోపల పెట్టినదాన్ని బయటికి రానిచ్చే ముడి మా ఇంట్లో ఎవరికీ అవసరం పడలేదు!

"పంటంతా పోనాదే! కత్తట్టుకురా!" అని కేక.

కత్తి తెచ్చాను. తెచ్చి, కొయ్యలేకపోయాను. చక్కగా ఉన్న వల మీద కత్తి పెట్టడమంటే మావాళ్ళకి చెయ్యి రాదు. "ఉండు, ఇప్పీస్తాను" అని ఆ ఖాళీ తుపాకీ లాక్కుని ముడి పళ్ళతో పట్టాను. ఊహించుకో: వానలో చేలో కూలబడి నేను తుపాకీ కర్ర కొరుకుతున్నాను, నా ఎదురుగా జింకలు మా వరి నములుతున్నాయి. అవే కాస్త మర్యాదగా నమిలాయి.

ఆఖరికి దీదీ పళ్ళెం మీద గరిటెతో వాయిస్తూ పరిగెత్తుకొస్తే పోయాయి. కింది మడి పోయింది. పై మడి మిగిలింది.

మీ తాత గట్టు మీద కూర్చుని కాళ్ళ బురద గీక్కున్నాడు. తర్వాత, "రేపు జెట్టీకెల్తాను" అన్నాడు. జెట్టీ అంటే పడవలు ఆగే చోటు కదా, నేను ఏడుపు అందుకున్నాను.

"ఆగెహె! పాత వలలు అడిగి తెత్తాను. నీ ముడి తూటానే వొదల్లేదు, జింకనేటి వొదులుతాది? సేను సుట్టూ కట్టు."

కట్టాను. పై మడి నిలిచింది, కోత కోశాం, ఆయన మళ్ళీ పడవెక్కలేదు. తుపాకీకి మాత్రం సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, దాని కిందే తూటాలు దూర్చుకున్నాడు. గట్టిగా పట్టేది, లాగితే వచ్చేది. అందులో నా చెయ్యి లేదు కదా, అందుకే బాగా కుదిరింది. ఇంక ఆ కోతల రోజున దీదీ కొడవలి పట్టుకుని వచ్చి, ఆ వలలో నేనే కాలు ఇరుక్కుని పడుంటే చూసి...

"అత్తా! అన్నం వడ్డించేశాను, చల్లారిపోతోంది, రా!"

వస్తున్నానమ్మా! అదిగో, మీ అమ్మ పిలుస్తోంది, లేవరా. ఆ దీదీ నా కాలు విడిపించకుండా, ముందు మీ తాతని పిలిచి ఏమందంటే...