బోణీకి అమ్మిన సినిమా

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త కనిపించింది. మన బెజవాడ కుర్రాళ్ళే ఎవరో నలుగురు కలిసి, ఉన్నదంతా ఊడ్చి ఒక చిన్న సినిమా తీసుకుంటే, దానికి ఊళ్ళో ఒక్క హాలూ దొరకలేదట. తెరలన్నీ ముగ్గురు నలుగురు పెద్దమనుషుల చేతుల్లోనే ఉన్నాయట, ఆ పెద్దమనుషులకే సొంత సినిమాలూ సొంత టీవీలూ ఉన్నాయట. చదివి పేపరు విసిరికొట్టాను. మా కోడలు హడలిపోయి వంటింట్లోంచి వచ్చి, బీపీ బిళ్ళ వేసుకున్నారా మామయ్యగారూ అని అడిగింది. బిళ్ళతో తగ్గే కోపం కాదమ్మా, అరవై ఏళ్ళు దాటిన కోపం అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. నా ఈడు వాళ్ళెవరైనా ఇంకా మిగిలి ఉంటే వాళ్ళకైనా అర్థమవుతుందేమోనని ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. మాది చల్లపల్లి అవతల నేతపనివాళ్ళ పేట, ఇంటింటికీ మగ్గం. నాన్న మగ్గం మీదే బతికాడు గానీ, బాబాయి మాత్రం ఇప్పుడు వన్ టౌన్ అంటున్న పాత బెజవాడలో బట్టల కొట్టు పెట్టి, పేటలో నేసిన చీరలన్నీ తెచ్చి అమ్మిపెట్టేవాడు. ఎస్సెస్సెల్సీ గట్టెక్కగానే నేను ఆ కొట్లో చేరాను. బాబాయికి సినిమా అంటే పిచ్చి. కొట్టు కట్టేశాక ఆయన కాళ్ళు వాటంతటవే హాలు వైపు నడిచేవి. అయితే చూసి వచ్చిన ప్రతిసారీ సణుక్కునేవాడు. బొమ్మలన్నీ మద్రాసులోనే తీస్తారు, రాజులూ రాక్షసులూ తప్ప మనుషులుండరు, మన చీర కట్టుకున్నవాళ్ళు కనిపిస్తారే గానీ ఆ చీర నేసినవాళ్ళు తెర మీద ఒక్కరూ కనిపించరేం రా అనేవాడు. సణిగి సణిగి చివరికి ఒకరోజు, మనమే తీద్దాం అన్నాడు.

నవ్వకండి. ఆ రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు నిలిచిపోయి, నూలు డిపోల దగ్గర పొద్దుటినుంచీ నిలబడి ఉత్త చేతులతో తిరిగొచ్చిన జనం మావాళ్ళు. ఆ కష్టమే కథగా తీస్తానని బాబాయి మా పేటలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ ఇల్లిల్లూ తిరిగి, ఇంటికో చీర ఇమ్మని అడిగాడు. కాదన్న ఇల్లు లేదు. పెళ్ళికూతురి కోసం దాచుకున్న చీర తెచ్చి చేతిలో పెట్టిన ముసలమ్మ కూడా నాకు తెలుసు. అందుకు బదులుగా వాళ్ళు అడిగింది ఒక్కటే, మొదటి ఆట మా పేటలోనే వెయ్యాలని. బాబాయి మాటిచ్చాడు. ఆ చీరలు అమ్మిన డబ్బుతోనే మద్రాసు నుంచి కెమెరానీ, దాన్ని తిప్పే మనిషినీ అద్దెకి తెచ్చాడు.

ఇక అందులో ప్రధాన వేషానికి ఎవరూ అంటే, మా మేనత్త. బాబాయికి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసి, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటూ, తనే కట్టుకున్న పాటలు తనే పాడుకునే మనిషి. సాయంత్రమయ్యేసరికి పేటలో ఆడపిల్లలందరూ ఆవిడ అరుగు మీదే చేరి పాటలు నేర్చుకునేవారు. శ్రీరామనవమి భజన ఆవిడ గొంతెత్తితే గానీ మొదలయ్యేది కాదు. సినిమా అనగానే ఆవిడ చెవులు మూసుకుంది. నెల రోజులు బతిమాలించుకుని, మొహానికి రంగు పూయకూడదనీ, మద్రాసులో పాట పట్టేటప్పుడు పిన్ని పక్కనే ఉండాలనీ మాట తీసుకుని అప్పుడు ఒప్పుకుంది. రాట్నం తిరగందే నా గొంతు పెగలదంటే, ఇంటి రాట్నాన్ని, ఆ రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సు మీదా ఆ తర్వాత రైల్లోనూ మద్రాసు దాకా మోసుకెళ్ళారు. దాని కిర్రు మైకులో పడుతోందని అక్కడివాళ్ళు గోల పెడితే, పడనివ్వండి, అది మా ఇంటి చప్పుడే అన్నాడట బాబాయి. పదిరోజులుండి వచ్చారు. మిగతాదంతా మా పేటలోనే పట్టపగలు అందరి ముందూ తీశారు. సెన్సారు వాళ్ళు ఒక్క ముక్క కత్తిరించలేదు.

బొమ్మ తయారైంది. మరి ఆడించేదెక్కడ? ఇక్కడే వస్తాడు హాళ్ళాయన. పేరు రాయను, రాస్తే నా కలం మైలపడుతుంది. బెజవాడలో మూడు హాళ్ళు ఆయనవి. డెల్టాలో డేరాలేసుకుని తిరిగే టాకీసులన్నిటికీ సినిమా పెట్టెలు పంపే ఆఫీసు ఆయనది, ఆ ఆఫీసు ఇవ్వని బొమ్మ ఏ డేరాలోనూ పడదు. వాల్‌పోస్టర్లు వేసే ప్రెస్సు ఆయనది. మద్రాసు స్టూడియోలో వాటా ఆయనది. వారం వారం వచ్చే సినిమా పత్రిక ఆయనది. తీసేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే, ఆహా ఓహో అని రాసుకునేదీ ఆయనే! బాబాయి రీళ్ళ పెట్టెలు పట్టుకెళితే, ఖాళీ హాల్లో ఒక ఉదయం బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చూశాడు. చూసి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున నేను కొట్టు తలుపులు తీసి, నీళ్ళు చల్లి, అగరొత్తులు వెలిగించి ఇంకా గుడ్డ విప్పలేదు, ఆయన స్వయంగా వచ్చి పరుపు మీద కూర్చున్నాడు. మీ సినిమా నాకిచ్చెయ్యండి అన్నాడు. నెగటివుతో సహా, సర్వహక్కులతో సహా, కాగితాలు కూడా తెచ్చాడు. బాబాయి తటపటాయించాడు. హక్కు తన దగ్గరే ఉంచుకుని హాలు హాలుకీ విడిగా ఇవ్వాలని బాబాయి ఆలోచన. అప్పుడు నేను బాబాయి చెవి దగ్గరకి వంగి, బోణీ వేళ వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు బాబాయ్ అన్నాను. ఆ మాట అన్నది నేనే. బట్టల కొట్టు మర్యాద తెలిసిన ఎవరైనా అదే అంటారు, పొద్దున్నే మొదట వచ్చినవాడితో బేరం చెడగొట్టుకుంటే రోజంతా చెడుతుందని మా నమ్మకం. ఆ సంగతి హాళ్ళాయనకి తెలియదా? తెలిసే ఆ వేళకి వచ్చాడు. బాబాయి బోణీ డబ్బు కళ్ళకద్దుకుని సంతకం పెట్టాడు.

మీరు అడగొచ్చు, మొదటి ఆట పేటలో వెయ్యాలని కాగితంలో రాయించుకోలేదేం అని. ఎందుకు రాయిస్తాం? డబ్బు పోసి కొన్న సరుకుని అమ్ముకోకుండా మూలన పడేసే వర్తకుణ్ణి మేం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కొన్నాడంటే ఆడిస్తాడు, ఆడిస్తే పేటకీ వస్తుంది, అంతే మా లెక్క. అంత వెర్రివాళ్ళం.

దసరాకన్నాడు. దీపావళికన్నాడు. తర్వాత కోతలయ్యాక అన్నాడు. ఆయన మద్రాసులో వాటా పెట్టిన రాజుల బొమ్మ మాత్రం మూడు హాళ్ళలోనూ ఒకేసారి పడింది. చల్లపల్లిలో డేరా వేసినప్పుడల్లా మా పేటవాళ్ళు మందగా వెళ్ళి మా సినిమా ఎప్పుడేస్తారని అడిగేవారు, లేదని చెబితే టిక్కెట్టు కొనకుండా తిరిగొచ్చేవారు. అది ఆయన చెవిన పడినట్టుంది. ఆ తర్వాతి వారమే ఆయన పత్రికలో వినికిడి కబుర్ల కింద రెండు లైన్లు అచ్చయ్యాయి. నేతవారి బొమ్మలో కుటుంబాలు చూడరాని దృశ్యాలున్నందున ప్రదర్శన నిలిపివేశారని వినికిడి! వినికిడట! రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకునే ఆడమనిషిలో చూడరానిదేముందిరా దుర్మార్గుడా, నువ్వు చూశావుగా! ఇప్పటికీ ఆ రెండు లైన్లు తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పేటకి ఒక్క పత్రిక వస్తే చాలు కదా. మద్రాసులో అత్తయ్య పదిరోజులు ఏం చేసిందోనని గుసగుస మొదలైంది. బాబాయి సెన్సారు కాగితం చేతపట్టుకుని గడపగడపకీ తిరిగాడు, ఇంగ్లీషు కాగితం ఎవరికి అర్థమవుతుంది? పిన్ని ఒట్టేసి చెప్పింది, ఆడబిడ్డని వెనకేసుకొస్తోందన్నారు. మా కళ్ళతో చూస్తే నమ్ముతాం అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. ఒక్క ఆట పడితే చాలు, ఒక్కటంటే ఒక్క ఆట, అత్తయ్య మీద పడ్డ మచ్చ తుడిచిపెట్టుకుపోయేది. ఆ ఆట వేయగలవాడు లోకంలో ఒక్కడే, ఆ మచ్చ వేసినవాడే.

ఆడపిల్లలు అరుగు మీదకి రావడం ఒక్కొక్కరే మానేశారు. శ్రీరామనవమి దగ్గరపడింది. ఈసారి భజనకి నువ్వు రాకపోతే మంచిదని పేట పెద్ద మా నాన్నతో అత్తయ్యకి చెప్పించాడు. ఆ కబురు విన్న రోజే బాబాయి నన్ను వెంటబెట్టుకుని హాళ్ళాయన ఆఫీసుకి వెళ్ళాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కావాలంటే మీ డబ్బు మీకిచ్చేస్తాను, బొమ్మ ఇవ్వకపోయినా పరవాలేదు, మా పేటలో ఒక్క ఆట మాత్రం వేసి పట్టుకుపొండి, మా అక్కయ్య మొహం చూసైనా వెయ్యండి అని చేతులు జోడించాడు. అంత పెద్దమనిషి చేతులు జోడించడం నేనదే చూడటం.

హాళ్ళాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఎంతో నెమ్మదిగా అన్నాడు.

“గుడ్డ అమ్మేటప్పుడు మీరు అడుగుతారా అండీ, కట్టుకుంటారా, పెట్టెలో పెట్టుకుంటారా అని? మరి నన్నెందుకు అడుగుతున్నారు?”

బాబాయి జోడించిన చేతులు దించాడు. ఇన్నేళ్ళలో వెయ్యి జవాబులు ఆలోచించాను గానీ ఆ రోజు మాత్రం ఆయన గుమాస్తా తలుపు తీసి పట్టుకుంటే తల దించుకుని బయటికి వచ్చేశాను. ఆ గుమాస్తాయే తర్వాతెప్పుడో కాఫీ హోటల్లో కలిసి అసలు సంగతి చెప్పాడు. ఇవాళ నేతవాళ్ళ బొమ్మ ఆడనిస్తే రేపు రైతులు తీస్తారు, ఎల్లుండి పడవలవాళ్ళు తీస్తారు, మన బొమ్మలు చూసేదెవరు అన్నాడట ఆయన. ఒక ఊళ్ళో తెరలన్నీ ఒకడివే అయితే మిగిలిన జనమంతా వాడి దయ మీద కనిపించాల్సిందేనన్నమాట. మీకు డబ్బు ముట్టింది కదా, నష్టమేముందని మాకు నీతులు చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి దణ్ణం పెట్టాను.

ఆ నవమికి అత్తయ్య లేకుండానే భజన జరిగింది. ఆ రోజు నుంచి ఆవిడ పాడలేదు. ఎవరి మీదా నేరం మోపలేదు, ఏడవలేదు, కండెలు చుట్టడం మానలేదు. రాట్నం తిరుగుతూనే ఉండేది, పాట మాత్రం లేదు. సొంత ఇంటి మనుషులం అడిగినా పాడలేదు.

పదేళ్ళు గడిచాయి. బాబాయి ఆ దిగులుతోనే పోయాడు, కొట్టు నా చేతికి వచ్చింది. నా చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే, ఆ బొమ్మ తిరిగి కొనుక్కుందామని హాళ్ళాయన ఆఫీసుకి మనిషిని పంపాను. గోడౌను ఖాళీ చేసినప్పుడు పాత రీళ్ళన్నీ తూకానికి అమ్మేశామని కబురు వచ్చింది. కొన్నవాళ్ళు వాటిని కడిగి, పూతలోని వెండి తీసుకుని, మిగిలిన ఫిల్ము రేకు గాజులు చేసేవాళ్ళకి అమ్ముకుంటారట. నెగటివ్ కూడా అందులోనే పోయిందట.

ఈ సంగతి అత్తయ్యకి చెప్పడానికి ఊరెళ్ళాను. చెప్పేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ బోణీ మాట అన్నది నేనేనని కూడా ఆ రోజే ఒప్పుకున్నాను. ఆవిడ రాట్నం ఆపి అంతా విని, నా వీపు నిమిరింది. సిగ్గుపడుతూ అడిగింది.

“పోతే పోయిందిలేరా. నా పాట ఎట్టా వచ్చిందో, మీ బాబాయి నీతో ఎప్పుడన్నా చెప్పాడా?”

పదేళ్ళూ ఆవిడ ఎదురుచూసింది మచ్చ పోవడం కోసమే అనుకున్నాను నేను. తమ్ముణ్ణి అడగడానికి ఆవిడకి మొహమాటమైంది. నాకు అడగాలని తోచనే లేదు. బాబాయి లేడు, మద్రాసువాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. ఆ పాట తెర మీద ఎలా ఉందో నాకు తెలిసినవాళ్ళలో చెప్పగలిగినవాడు హాళ్ళాయన ఒక్కడే మిగిలాడు. చాలా బాగా వచ్చిందని బాబాయి అన్నాడత్తయ్యా అని అబద్ధం చెప్పాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

ఆవిడ పోయి నలభై ఏళ్ళు దాటింది. కాలం మారలేదని నేననను. ఇప్పుడు పాట పట్టుకోవడానికి మద్రాసు వెళ్ళక్కర్లేదు, రాట్నాన్ని రైలెక్కించక్కర్లేదు. మా పేటలో ఏ పిల్ల గొంతెత్తినా ఎవరో ఒకరు ఫోను పైకెత్తి దాచుకుంటున్నారు, దాన్ని చూసినప్పుడల్లా నాకు సంతోషమే. కాని పాడినవాళ్ళకీ వినాల్సినవాళ్ళకీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు మాత్రం లేచి వెళ్ళలేదు, కుర్చీ పెద్దదైంది, అంతే. నాకా వయసు మీద పడింది. అత్తయ్య పాటలో ప్రతి మాటా నాకు ఇప్పటికీ వచ్చు, కావాలంటే రాసిస్తాను. ఆవిడ గొంతు మాత్రం, ఎంత గింజుకున్నా, గుర్తు రావడం లేదు.