ఇస్త్రీ బల్ల మీది మచ్చ

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అద్దం మేస్త్రి అంటే చాలు. చెక్క సామాన్లు చేసే కార్ఖానాలో పాలిష్ పని ఆయనది. వడ్రంగులు చేసిచ్చిన బల్లలూ బీరువాలూ ఆయన చేతికొచ్చి, గరుకు కాగితం కింద నలిగి, లక్క పూతలు తాగి, మొహం చూసుకునేలా తయారై బయటికి వెళ్ళేవి. మేస్త్రి బల్ల మీద ఈగ వాలితే కాలు జారుతుందని తోటి పనివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. ఈగ కాళ్ళ గుర్తులు పడతాయేమోనని నిజంగానే దిగులుపడే రకం.

ఇంట్లోనూ అదే వరస. చుట్టం వచ్చి టీ గ్లాసు బల్ల మీద పెట్టాడో లేదో, ఈయన భుజం మీది తువ్వాలు తీసి, గ్లాసెత్తి కింద తుడిచేవాడు. పాపం ఆ చుట్టానికి ఇక టీ గొంతు దిగేది కాదు. భార్య తల పట్టుకునేది.

"ఉండనీవయ్యా! ఈ ఇంట్లో మనుషులు తిరుగుతున్నారని తెలియొద్దూ?" అనేది.

ఆవిడది ఇస్త్రీ పని. వాళ్ళుండే వాటాకి ఆనుకుని మెట్ల కింద ఒక గది ఉండేది. నిటారుగా నిలబడితే ఆయన తల పైన మెట్లకి తగిలేది, ఆవిడకి మాత్రం సరిగ్గా సరిపోయేది. పెళ్ళైన కొత్తలో ఊరి చివర పాత గిడ్డంగి ఒకటి కూలగొడుతున్నారనీ, దూలాలూ తలుపులూ పొయ్యిలోకి పోతున్నాయనీ విని, మేస్త్రి పరుగున వెళ్ళి నాలుగు వేళ్ళ మందం టేకు చెక్క ఒకటి తోపుడు బండి మీద తెచ్చాడు. కాళ్ళు బిగించి ఇస్త్రీ బల్ల చేసిచ్చాడు. రెండు రోజులు ఆగితే నున్నగా చేసిస్తానన్నాడు. ఆవిడ ఆగలేదు. "నువ్వు దీన్ని అద్దం చేస్తే బట్టలన్నీ జారి కింద పడతాయి, నీకో దణ్ణం," అని అప్పటికప్పుడే దాని మీద దుప్పటి మడత పరిచి పని మొదలుపెట్టేసింది. ఎడమచేతి వాటం మనిషి. ప్లగ్గేమో కుడివైపు గోడకి. తీగ ఎప్పుడూ పొట్టకి అడ్డం పడేది. దాన్ని తిట్టుకుంటూ, పక్కకి లాక్కుంటూ ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే నిలబడింది. నడుము ఆనించీ ఆనించీ చెక్క ముందంచు గుండ్రంగా అరిగిపోయింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి నడక ఆలస్యమైంది. తోటి పిల్లలు పరుగులు పెడుతుంటే ఇది బల్ల కాలు పట్టుకుని నిలబడేది, వదిలేది కాదు. డాక్టరు ఏం భయం లేదన్నాడు. ఇరుగుపొరుగు మాత్రం భయపెట్టడానికి కంకణం కట్టుకున్నారు. తల్లి పైకి అనేది కాదు గానీ లోపల కుమిలిపోయేది. అలాంటిది ఒక మధ్యాహ్నం, ఆవిడ ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుండగా, పిల్ల బల్ల కాలు వదిలేసి తప్పటడుగులు వేసుకుంటూ గుమ్మం దాకా నడిచి, అక్కడ ధబ్బుమని కూర్చుంది. తల్లి ఇస్త్రీ పెట్టె ఎక్కడున్నది అక్కడే వదిలేసి పిల్ల మీద పడింది. ముద్దులాడి, ఏడ్చి, మళ్ళీ నడిపించి, మళ్ళీ ఏడ్చి, చివరికి కమురు వాసనకి వెనక్కి తిరిగి చూస్తే, చొక్కా పోయింది, దుప్పటి పోయింది, పెట్టె కింద చెక్క కూడా అచ్చం పెట్టె ఆకారంలో కాలి నల్లబడింది.

సాయంత్రం మేస్త్రి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "బిడ్డ నడిచిందయ్యా!" అంది.

ఆయన దుప్పటి ఎత్తి చూసి, "అయ్యో, చెక్క పాడైందే!" అన్నాడు.

ఈ మాట ఆవిడ చచ్చేదాకా దెప్పింది. చుట్టాల్లో చెప్పింది, పెళ్ళిచూపుల్లో అల్లుడి ముందు కూడా చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ, తగలాల్సిన చోట తగిలేలా చెప్పింది. ఆయనకి మాత్రం ఆ మచ్చ కంట్లో నలుసే. దుప్పటి ఉతకడానికి తీసినప్పుడల్లా, "ఒక్క పూట ఇవ్వవే, ఆనవాలు లేకుండా తీసేస్తాను," అనేవాడు. ఆవిడ మాత్రం "ఉండనీ" అనేది. ఆ మచ్చని ఆయన తిన్నగా చూసింది కూడా లేదు, చూడబుద్ధి కాక. పిల్ల మాత్రం దుప్పటి తీసిన ప్రతిసారీ అరచెయ్యి దాని మీద ఆనించి, మచ్చంత చెయ్యి ఎప్పుడు పెరుగుతుందా అని చూసుకునేది.

పోయిన చలికాలం ఆవిడ పోయింది. దగ్గని వెళ్ళిన మనిషి ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. మేస్త్రి ఏడవలేదు. వచ్చినవాళ్ళు తాగి పెట్టిన గ్లాసుల కింద తుడుస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత ఇల్లు ఎంత శుభ్రంగా ఉందంటే, లోపలికి అడుగు పెట్టాలంటే గుబులేసేది. ఎక్కడా ఒక మరక లేదు. మరక చేసే మనిషి ఉంటే గదా.

ఎండలు ముదిరేసరికి ఇంటి యజమాని మెట్ల కింద గది ఖాళీ చేయమన్నాడు. బల్ల కదిపితే కాళ్ళు పొడి పొడిగా రాలాయి. చెదలు ఎప్పుడో తినేశాయి. పై చెక్క మాత్రం చెక్కుచెదరలేదు. కూతురికి ఫోన్ చేసి చెప్తే ఆ పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నాన్నా, అది ఎవరికీ ఇవ్వకు, నాకు కావాలి. కొత్తింట్లో హాలు గోడకి అరలా బిగించుకుంటాను. అమ్మ ఫోటో పెడతాను. కానీ ఒక్క మాట. నువ్వు దాన్ని అద్దం చేసెయ్యకు. దుమ్ము దులిపి, కాస్త నూనె పట్టించు, అంతే. మచ్చ అలాగే ఉండాలి. వింటున్నావా?"

"వింటున్నానమ్మా."

"మాటివ్వు."

"ఇచ్చాను తల్లీ."

మచ్చల కోసం జనం పడి చావడం ఆయనకి కొత్తేం కాదు. కార్ఖానా యజమాని రెండేళ్ళుగా అదే వ్యాపారం చేస్తున్నాడు. కొత్త చెక్కని గొలుసులతో కొట్టించడం, మేకుతో చిల్లులు పొడిపించడం, టీ డికాక్షనూ తుప్పు నీళ్ళూ పూయించి ముసలిదాన్ని చేయడం. "జనానికి ఇప్పుడు పాతదనం కావాలి మేస్త్రీ, నీ అద్దాలు ఎవడిక్కావాలి?" అనేవాడు. నిక్షేపంలాంటి చెక్కని పట్టుకుని చావబాదడం చూస్తుంటే మేస్త్రికి ఒళ్ళు మండిపోయేది. చెప్పింది చేసేవాడు గానీ, చేసినంత సేపూ మొహం పక్కకి తిప్పుకునేవాడు.

సెలవు రోజున కార్ఖానా తాళం అడిగి తీసుకుని, చెక్కని అక్కడికి చేర్చాడు. చుట్టూ ఎవరూ లేరు. కిటికీలోంచి ఎండ వచ్చి రంపపు పొట్టు మీద పడుతోంది. ముందు అడుగు భాగం శుభ్రం చేశాడు. తరవాత పక్కలు. ముందంచు జోలికి పోలేదు, దాన్ని గుడ్డతో తుడిచి ఊరుకున్నాడు. పై భాగానికి దుప్పటి నూగు అట్టలు కట్టి అంటుకుని ఉంది. ఆ నూగు వరకూ తీద్దామని సన్న కాగితం తీసుకున్నాడు.

మేస్త్రి పని చేసే తీరొకటుంది. కళ్ళు మూసుకుంటాడు. చెక్క నునుపుని కన్ను పట్టలేదు, అరచెయ్యే పట్టాలి. కుడిచేత్తో కాగితం, వెనకే ఎడమ అరచెయ్యి. ఎక్కడ గరుకు తగిలితే కాగితం అక్కడికే పోతుంది. పోవాలని ఆయన అనుకోనక్కర్లేదు. నలభై ఏళ్ళుగా చెయ్యి తన దారిన తాను పోతోంది. ఆ రోజు కూడా కళ్ళు మూసుకుని రుద్దుతున్నాడు. మనసు మాత్రం మెట్ల కింద గదిలో ఉంది. తీగని పక్కకి లాక్కుంటూ తిట్టే గొంతు వినపడుతోంది. గుమ్మంలో నిలబడి బిడ్డ నడిచిందయ్యా అన్న మొహం కనపడుతోంది. ఆ మొహాన్ని చూస్తూ ఉంటే, అరచేతికి ఒక చోట గరుకు తగిలింది. ఎంత రుద్దినా లొంగనంటోంది. కాగితం మార్చాడు. మళ్ళీ రుద్దాడు. కాసేపటికి అది లొంగింది. చెయ్యి హాయిగా సాగిపోయింది.

కళ్ళు తెరిచాడు.

చెక్క తేనె రంగులో మెరుస్తోంది. బతుకులో అంత బాగా ఏ చెక్కా నునుపు చేసి ఉండడు. మచ్చ ఉండాల్సిన చోట కనపడీ కనపడనట్టు చిన్న గోధుమరంగు నీడ, అంతే. దానికి అంచు లేదు, ఆకారం లేదు.

కింద రాలిన పొడిని చేత్తో పోగు చేశాడు, అందులో నల్లది ఏదో ఏరుకోవచ్చన్నట్టు. ఆ పొడి పట్టుకుని చాలాసేపు నేల మీదే కూర్చున్నాడు. ఆవిడ బతికున్నంత కాలం ఆయన్ని అడ్డుకుంది ఒక్క దాని దగ్గరే. అదొక్కటే దక్కించుకుంది. ఆవిడ పోయాక, అడ్డు చెప్పే మనిషి లేకుండా చూసి, పని పూర్తి చేసినట్టయింది. పెళ్ళాన్ని ఆసుపత్రిలో పోగొట్టుకున్న రోజు కూడా ఇంత దిక్కుమాలినవాణ్ణని ఆయనకి అనిపించలేదు.

కూతురికి ఏమని చెప్పాలి? ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. ఆ తరవాత ఆయన చేసిన పని, నలభై ఏళ్ళలో ఎవరు చేసినా ముక్కున వేలేసుకుని ఉండేవాడు. ఇంటికి వెళ్ళి ఆవిడ ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. బాగా వేడెక్కనిచ్చి, కుడిచేత్తో ఎత్తి, ఆ గోధుమ నీడ మీద ఆనించి నొక్కి పట్టుకున్నాడు. పొగ లేచింది. అదే కమురు వాసన. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే పొగవల్లే అనుకున్నాడు. పెట్టె తీసి చూస్తే మచ్చ మరీ కొత్తగా, మరీ నల్లగా ఉంది. ఉక్కు పీచుతో రుద్దాడు. యజమాని గిన్నెలో మిగిలిన టీ డికాక్షను పూశాడు. తుప్పు నీళ్ళు పూశాడు. నూనె పట్టించాడు. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు, కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తూ చేశాడు. సాయంత్రానికి మచ్చ ముసలిదైంది. యజమాని చూసి ఉంటే భుజం తట్టి ఉండేవాడు.

మర్నాడు చెక్కని దుప్పట్లో చుట్టి ఆటోలో కూతురింటికి తీసుకెళ్ళాడు. మూడో అంతస్తు. ఇల్లు ఇంకా కొత్త సున్నం వాసన కొడుతోంది. అల్లుడు ఎదురొచ్చి చెక్క అందుకుని, హాల్లో బల్ల మీద పెట్టి, డ్రిల్లింగ్ మిషను తేవడానికి పక్కింటికి వెళ్ళాడు. కూతురు దుప్పటి విప్పింది.

"ఎంత బావుందో నాన్నా," అంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల తల్లి నిలబడ్డట్టే, గుండ్రటి అంచుకి నడుము ఆనించి నిలబడింది. చూడకుండానే చెయ్యి చాచి, చిన్నప్పటిలాగే మచ్చ మీద ఆనించబోయింది. చెయ్యి ఆగిపోయింది. వంగి చూసింది. మళ్ళీ ఆనించింది. వేళ్ళు ఒక పక్కకి, మచ్చలో పెట్టె ముక్కు ఇంకో పక్కకి. ముక్కు ఎడమకి తిరిగి ఉంది.

"అమ్మది ఎడమచెయ్యి కదా నాన్నా," అంది నెమ్మదిగా. "ముక్కు కుడివైపు ఉండేది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అన్నేళ్ళు ఒకే కప్పు కింద బతికి, ఆ మనిషి ఏ చేత్తో పని చేసేదో పెట్టె ఎత్తేటప్పుడు ఆయనకి గుర్తు రాలేదు.

"చెయ్యి ఆగలేదమ్మా," అన్నాడు. "కళ్ళు మూసుకుని ఉన్నాను. మీ అమ్మనే తలుచుకుంటున్నాను. గరుకు తగిలింది."

"ఒక్కటే అడిగాను నాన్నా." ఆ పిల్ల మచ్చ మీంచి చెయ్యి తీసేసింది. "నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా? ఇదొక్కటే అడిగాను."

ఆయన తల దించుకున్నాడు. తలుపు చప్పుడైంది. అల్లుడు మిషను పట్టుకుని హుషారుగా లోపలికొచ్చి, చెక్క మీదికి వంగాడు.

"ఓహో, అత్తయ్యగారు చెప్పిన మచ్చ ఇదేనా?"

కూతురు మొహం పైటతో తుడుచుకుంది. ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది.

"ఇదే," అంది. "నేను నడిచిన రోజుది."

"ఇన్నేళ్ళైనా నిన్న కాల్చినట్టుంది మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు, మెచ్చుకోలుగా.

"నూనె పట్టించాను బాబూ," అన్నాడు మేస్త్రి.

అల్లుడు గోడకి చిల్లులు వేసి మరలు బిగిస్తున్నంత సేపూ ఆయన చెక్కని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. బిగించడం అయింది. కూతురు తల్లి ఫోటో తెచ్చి దాని మీద పెట్టింది. మచ్చ మీద కాదు, పక్కన. మేస్త్రి వెనక్కి జరిగి చూశాడు. గుండ్రటి అంచు మీద, నూనె మెరుపులో, ఆయన వేళ్ళ గుర్తులు చెమటతో పడి ఉన్నాయి. చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. తువ్వాలు తీసి అంచు దగ్గరికి తీసుకెళ్ళాడు.

కూతురు ఆయన మణికట్టు పట్టుకుంది. ఎడమచేత్తో.

"ఉండనీ నాన్నా," అంది.

అచ్చం తల్లి గొంతే. మేస్త్రి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, అల్లుడు చూస్తున్నాడన్న సిగ్గు కూడా లేకుండా, చలికాలంలో ఏడవాల్సిన ఏడుపంతా ఆ కొత్తింట్లో నిలబడి ఏడ్చాడు.